కామెట్ తోక పెరిగింది, సూక్ష్మకేంద్రకాలు పెరగలేదు: నివేదికలో ఏమని రాయాలి?

ప్రశ్న: తార్నాక విద్యార్థిని

పెద్దలందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. పురుగుమందు వల్ల ప్రయోగశాల జంతువుల డీఎన్ఏకు జరిగే నష్టం మీద ప్రాజెక్టు చేశాను. ప్రయోగం ముగిసి నివేదిక రాయడానికి కూర్చున్నాక, నా రెండు ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని గమనించాను. వచ్చే నెలలోనే వైవా ఉంది.

చేసిన పని క్లుప్తంగా ఇది. బజారులో దొరికే క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ (నీళ్లలో కలిపి వాడే ద్రవ రూపం) మందును నీళ్లలో కలిపి, స్విస్ ఆల్బినో మగ చుంచెలుకలకు గొట్టం ద్వారా కడుపులోకి ఒకే ఒక్కసారి ఇచ్చాను. మూడు మోతాదులు, మోతాదుకు ఆరు జంతువులు. వీటితో పోల్చడానికి ఉత్త నీళ్లు ఇచ్చిన గుంపు ఒకటి, పరీక్ష సరిగా పనిచేస్తోందో లేదో తెలియడానికి, డీఎన్ఏను దెబ్బతీస్తుందని ముందే తెలిసిన సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చిన గుంపు ఒకటి ఉన్నాయి. 24, 48, 72, 96 గంటలకు తోక కొన నుంచి చుక్క రక్తం తీసి, తెల్లకణాల మీద కామెట్ పరీక్ష (తెగిన డీఎన్ఏ తోకలా సాగి కనిపించే పరీక్ష) చేశాను. ఎముక మజ్జలో సూక్ష్మకేంద్రకాలను, అంటే కణం విడిపోయాక విడిగా మిగిలిపోయిన చిన్న డీఎన్ఏ ముక్కలను, కూడా లెక్కపెట్టాను.

కామెట్ పరీక్షలో 24 గంటలకు మోతాదుతో పాటు తోక పొడవు పెరిగింది. ఆ తరువాత తగ్గుతూ వచ్చి, 96 గంటలకు నీళ్లు తాగిన ఎలుకల స్థాయికి చేరింది. సూక్ష్మకేంద్రకాలు మాత్రం ఏ మోతాదులోనూ పెరగలేదు. సైక్లోఫాస్ఫమైడ్ గుంపులో బాగా పెరిగాయి కాబట్టి రంగు, స్లైడులు, నా కళ్లు సరిగానే పనిచేశాయని అనుకుంటున్నాను.

ఈ మందు జన్యు నష్టం కలిగిస్తుందని రాయాలా, కలిగించదని రాయాలా? తోటివారు కామెట్ ఫలితం ఒక్కటే పెట్టి రెండోది వదిలేయమంటున్నారు. అందుకు నాకు మనసు ఒప్పడం లేదు. దయచేసి దారి చూపండి.

జవాబు: సూక్ష్మదర్శిని

అమ్మా, రెండో ఫలితాన్ని వదిలేయడానికి నీ మనసు ఒప్పలేదంటే నువ్వు సగం శాస్త్రం అప్పుడే నేర్చుకున్నట్టు. నేను ఈ నగరంలోనే విషశాస్త్ర ప్రయోగశాలలో చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నీ ఫలితాల్లో వైరుధ్యం ఉందో లేదో తేల్చే ముందు ఈ రెండు పరీక్షలూ చూస్తున్నది ఒకే వస్తువును కాదని గుర్తుపెట్టుకోవాలి.

కామెట్ పరీక్ష 1984లో మొదటి రూపంలో వచ్చింది. నువ్వు చేసిన క్షార ద్రావణపు పద్ధతి 1988 నాటిది. కణాలను అగరోజు అనే జిగట పదార్థపు పొరలో పొదిగి, ఉప్పు, డిటర్జెంటు కలిసిన ద్రావణంలో ఉంచితే కణపు పొర, ప్రోటీన్లు కరిగిపోయి డీఎన్ఏ ముద్ద మాత్రం మిగులుతుంది. పీహెచ్ 13 దాటిన ద్రావణంలో ఆ డీఎన్ఏ పోగులు విడివడతాయి. కరెంటు పెట్టినప్పుడు తెగిన పోగులు ధన ధ్రువం వైపు సాగి తోకచుక్కలా కనిపిస్తాయి. ఆ తోకలో కనిపించేది ఒక్క తెగిన పోగే కాదు. క్షారానికి తట్టుకోలేక ఆ ద్రావణంలోనే విరిగిపోయే బలహీనమైన చోట్లు, కణం తన నష్టాన్ని బాగుచేసుకునేటప్పుడు తానే కోసిపెట్టిన ఖాళీలు కూడా తోకలోకే వస్తాయి. కాబట్టి పొడవైన తోక కనిపిస్తే, రక్తం తీసిన ఆ గంటలో ఆ కణంలో గాయమో మరమ్మతో జరుగుతోందని మాత్రమే చెప్పగలం. ఆ గాయం మచ్చగా మిగిలిందా, మానిపోయిందా అన్నది తోక చెప్పదు.

నీ కామెట్ ఫలితం ఈ ఊరికి కొత్త కూడా కాదు. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ఇదే మందును, దానితో పాటు ఎసిఫేట్ అనే మరో పురుగుమందును స్విస్ ఆల్బినో చుంచెలుకలకు నోటి ద్వారా ఇచ్చి, రక్తంలోని తెల్లకణాలను నీలాగే 24, 48, 72, 96 గంటలకు చూశారు. క్లోర్‌పైరిఫాస్ మోతాదు కిలో శరీర బరువుకు 0.28 నుంచి 8.96 మిల్లీగ్రాముల వరకు, ఎసిఫేట్ మోతాదు 12.25 నుంచి 392 మిల్లీగ్రాముల వరకు ఉంది. 24 గంటలకు తోక మోతాదును బట్టి పెరిగింది, 48 గంటల నుంచి తగ్గడం మొదలుపెట్టింది, 96 గంటలకు మందు ఇవ్వని జంతువుల స్థాయికి వచ్చింది. డీఎన్ఏ మరమ్మతు జరిగిందనడానికి దాన్ని గుర్తుగా వారు తీసుకున్నారు. నీ గైడు ఈ పని చూసే నీ రోజులు నిర్ణయించి ఉంటారని నా ఊహ.

సూక్ష్మకేంద్రకం వేరే కథ. మజ్జలో ఎర్రకణానికి తల్లి అయిన కణం చివరిసారి విడిపోయేటప్పుడు, క్రోమోజోము నుంచి తెగిన ముక్క గానీ, క్రోమోజోములను లాగే పోగుకు అంటుకోక వెనకబడిన పూర్తి క్రోమోజోము గానీ ఉంటే, అది ఏ పిల్ల కేంద్రకంలోనూ చేరక విడిగా చుట్టుకుపోతుంది. తరువాత ఆ కణం తన పెద్ద కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది, ఈ చిన్న ముక్క మాత్రం లోపలే మిగులుతుంది. ఇల్లు ఖాళీ చేసినవారు సామానంతా తీసుకుపోయి, మూలన ఒక పెట్టె మరిచిపోయినట్టు. మరమ్మతు కాక, కణ విభజన దాటి బయటపడిన నష్టమే ఇక్కడ కనిపిస్తుంది. కామెట్‌లో తోక పెరిగి సూక్ష్మకేంద్రకాలు పెరగకపోతే, దెబ్బ తగిలింది, చాలా వరకు మానింది అని అర్థం చెప్పడానికి పూర్తి అవకాశం ఉంది.

అయితే ఆ మాట ఇప్పుడే అనను, నువ్వూ రాయవద్దు. రక్తం ఏయే గంటలకు తీశావో రాశావు కానీ, మజ్జ ఏ గంటకు తీశావో రాయలేదు. సైక్లోఫాస్ఫమైడ్ గుంపు మజ్జ ఎప్పుడు తీశావో కూడా రాయలేదు. ముందు అది చెప్పు.

జవాబు: లెక్కల మాస్టారు

పై పెద్దాయన చెప్పినదానికి గణాంకాల వైపు నుంచి ఒక ప్రశ్న. మీరు కామెట్ ఫలితాలకు పి విలువ (తేడా కేవలం యాదృచ్ఛికమా కాదా అని చూపే అంకె) కట్టేటప్పుడు దేన్ని ఒకటిగా లెక్కపెట్టారు, కణాన్నా, జంతువునా? జంతువుకు 50 కణాలు చూసి, ఆరు జంతువులకు 300 కణాలని, ఆ 300లనే నమూనా సంఖ్యగా వేసుకుని టి పరీక్ష చేసే అలవాటు మన విద్యార్థుల్లో చాలా ఉంది. అలా చేస్తే వెంట్రుకవాసి తేడా కూడా గొప్ప తేడాగా కనిపిస్తుంది. మందు తాగింది ఎలుక కానీ కణం కాదు. ఒకే ఎలుకలోని కణాలు ఒకే ఇంటి మనుషుల్లాంటివి, వాటి సాక్ష్యాలను విడివిడిగా లెక్కించరాదు. మీకు ఉన్నవి గుంపుకు ఆరు అంకెలే.

కామెట్ పరీక్షకు ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) 489వ మార్గదర్శి 2014లో వచ్చింది. అందులో జంతువుకు కనీసం 150 కణాలు చూడమంటారు. ఒక్కో స్లైడుకు మధ్యగతం తీసి, ఆ మధ్యగతాల సగటును ఆ జంతువు విలువగా పెట్టమంటారు. తోక పొడవు కన్నా తోకలో ఉన్న డీఎన్ఏ శాతాన్ని నమ్మమంటారు. మీ దగ్గర ఫోటోలు భద్రంగా ఉంటే ఇప్పుడైనా మళ్లీ కొలవవచ్చు.

జవాబు: తార్నాక విద్యార్థిని

సార్, మాస్టారు గారూ, ఇద్దరికీ ధన్యవాదాలు. మాస్టారు గారు ఊహించినట్టే నేను కణాలనే లెక్కపెట్టాను. ఫోటోలన్నీ ఉన్నాయి, జంతువు వారీగా మళ్లీ కడతాను.

సూక్ష్మదర్శిని గారి ప్రశ్న చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. జంతువుల సంఖ్య పెంచకూడదని, రక్తం తీసిన ఎలుకల నుంచే 96 గంటల రక్తం తీశాక మజ్జ తీశాను. సైక్లోఫాస్ఫమైడ్ గుంపును మాత్రం 24 గంటలకే ముగించాను, ఎందుకంటే పుస్తకంలో అలాగే ఉంది. ఆ తేడా ముఖ్యమని నాకు తట్టలేదు.

జవాబు: సూక్ష్మదర్శిని

నిద్ర పాడుచేసుకునేంత నేరం కాదమ్మా. ఇలాంటి పొరపాటు నేను వయసులో ఉన్నప్పుడు చేశాను, నా తరువాత వచ్చినవారూ చేశారు. కానీ మీ సైక్లోఫాస్ఫమైడ్ గుంపు మిమ్మల్ని మోసం చేసింది. అది 24 గంటల దగ్గర పరీక్ష పనిచేస్తుందని రుజువు చేసింది, 96 గంటల దగ్గర కాదు.

లెక్క చూడు. మందు తాకిన కణం చివరి విభజన ముగించి, కేంద్రకాన్ని బయటికి నెట్టి, లేత ఎర్రకణంగా మారడానికి కొన్ని గంటలు పడుతుంది. అలా తయారైన లేత కణం మజ్జలో సుమారు ఒక రోజు ఉండి రక్తంలోకి వెళ్లిపోతుంది. అందుకే సూక్ష్మకేంద్రక పరీక్షకు ఉన్న ఓఈసీడీ 474వ మార్గదర్శి ఒకే మోతాదు ఇచ్చినప్పుడు మజ్జను రెండుసార్లు తీయమంటుంది, అది కూడా 24 గంటలకు ముందు కాకుండా, 48 గంటలు దాటకుండా. 96 గంటలకు నువ్వు చూసిన లేత కణాలు, మందు తాకిడి చాలా వరకు ముగిశాక విడిపోయిన కణాల సంతానం. సంత ముగిసిన మర్నాడు వెళ్లి, ఇక్కడ సంత జరగలేదని రాసుకొచ్చినట్టు అయింది. కాబట్టి నీ దగ్గర ఉన్నది నష్టం లేదని చెప్పే ఫలితం కూడా కాదు. ఆ పరీక్ష ఈ ప్రశ్నను అడగనే లేదు.

ఇంకొకటి. మందు మజ్జ దాకా చేరిందనడానికి ఏదైనా ఆధారం ఉందా? లేత ఎర్రకణాలకూ ముదిరిన ఎర్రకణాలకూ ఉన్న నిష్పత్తి మజ్జ ఎంత దెబ్బతిన్నదో చెబుతుంది. అది మందు ఇవ్వని జంతువుల్లో ఉన్నదానిలో ఐదోవంతుకన్నా తగ్గకూడదు, తగ్గితే లెక్కించడానికి సరిపడా కణాలే ఉండవు. అసలు మారకపోతే, మందు అక్కడికి చేరిందని వేరే దారిలో చూపించాలి. క్లోర్‌పైరిఫాస్ విషయంలో ఒక సులువు ఉంది. అది కాలేయంలో ఆక్సాన్ అనే రూపానికి మారి కోలినెస్టరేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది కాబట్టి, రక్తంలో ఆ ఎంజైము ఎంత తగ్గిందో కొలిస్తే మందు ఒళ్లంతా తిరిగిందని తేలుతుంది.

జవాబు: జంతుశాల వైద్యుడు

నేను పశువైద్యుణ్ణి, ప్రయోగశాల జంతువుల బాగోగులు చూసే పని. కొత్తగా జంతువులు తెప్పించి మజ్జ పరీక్ష మళ్లీ చేయాలనుకుంటే, మీ సంస్థ జంతు నీతి సంఘం అనుమతి మళ్లీ తీసుకోవాలి. పాత అనుమతిలో మిగిలిపోయాయి కదా అని నాలుగు ఎలుకలు వాడుకోవడం కుదరదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1998లో వచ్చిన నియమాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. మీ వైవా లోపల అనుమతి రావడం కష్టం.

నన్ను కలవరపెట్టిన సంగతి వేరొకటి. మీరు వాడింది బజారు 20 ఈసీ. ఆ సీసాలో క్లోర్‌పైరిఫాస్ ఐదోవంతే. తక్కినది చాలామటుకు పెట్రోలియం నుంచి వచ్చే ద్రావకాలు, నీళ్లలో కలిసేలా చేసే ఎమల్సిఫయర్లు. మీ పోలిక గుంపుకు ఇచ్చింది ఉత్త నీళ్లు. అప్పుడు 24 గంటలకు పెరిగిన తోక క్లోర్‌పైరిఫాస్ పనా, ద్రావకం పనా అన్నది మీ ప్రయోగం విడదీయలేదు. పోలిక గుంపుకు మందు లేని ద్రావక మిశ్రమం ఇచ్చి ఉండాలి, లేదా శుద్ధమైన టెక్నికల్ గ్రేడు మందును మొక్కజొన్న నూనెలో కలిపి ఇచ్చి ఉండాలి.

ఇది చిన్న చాదస్తం కాదు. 2015 మార్చిలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్లైఫోసేట్ అనే కలుపుమందును 2ఏ వర్గంలో (మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవి) పెట్టి, అది డీఎన్ఏను దెబ్బతీస్తుందనడానికి బలమైన ఆధారాలు ఉన్నాయని చెప్పింది. అదే సంవత్సరం నవంబరులో ఐరోపా ఆహార భద్రత సంస్థ ఆ నష్టం జరిగే అవకాశం తక్కువని తేల్చింది. ఆ తేడాకు ఒక ముఖ్య కారణం, మొదటివారు బజారులో అమ్మే మిశ్రమాల మీద జరిగిన పరిశోధనలను కూడా లెక్కలోకి తీసుకోవడం, రెండోవారు ప్రధానంగా శుద్ధ పదార్థాన్ని చూడడం. మీరు శీర్షికలో "క్లోర్‌పైరిఫాస్" అని కాక "క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ మిశ్రమం" అని రాస్తే నిజం రాసినట్టవుతుంది. పొలంలో రైతు పీల్చేదీ ఆ మిశ్రమమే కాబట్టి, అది తక్కువ విలువైన ప్రశ్న ఏమీ కాదు. మోతాదు లెక్క సీసాలోని ద్రవం బరువుకు కట్టారా, అందులోని మందు బరువుకు కట్టారా అన్నది కూడా రాయండి.

ఇంకో మాట. కామెట్ పరీక్ష ఏ నెలలో చేశారు? మే నెలలో హైదరాబాదులో ఏసీ సరిగా లేని గదిలో ఎలక్ట్రోఫొరెసిస్ (స్లైడులకు కరెంటు పెట్టే దశ) నడిపితే, తొట్టెలో ద్రావణం వేడెక్కి నీళ్లు తాగిన ఎలుకల కణాలకు కూడా తోకలు మొలుస్తాయి. తొట్టెలో అన్ని గుంపుల స్లైడులూ కలిపి పెట్టారా, లేక గుంపుకు ఒక తొట్టె చొప్పున నడిపారా అన్నది తప్పకుండా చూడండి.

జవాబు: నల్లగొండ పత్తిచేను

నేను శాస్త్రం చదవలేదు, ఉప్పల్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను. మా నాన్న గారు ఊళ్లో పత్తి వేస్తారు, ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన వీపున స్ప్రేయరు డబ్బా చూస్తూనే ఉన్నాను. మా అపార్ట్‌మెంటు పునాది తీసినప్పుడు చెదల కోసం కొట్టిన మందు కూడా ఇదేనని అప్పుడు మేస్త్రి చెప్పాడు. పెద్దలు నన్ను మన్నించాలి, మీ మాటలు చదువుతుంటే నాకు ఒకటే భయం. ఎలుకల్లో డీఎన్ఏ తెగుతుందంటే, మా నాన్నకూ, ఆయన ద్వారా మాకూ, మా పిల్లలకూ ఆ తెగింది వచ్చేసినట్టేనా?

జవాబు: సూక్ష్మదర్శిని

బాబూ, అడిగినందుకు సంతోషం. ఈ భయానికి మన భాషలో ఒక మాట కూడా కారణం. పత్రికల్లో "జన్యు నష్టం" అని రాస్తారు, చదివినవారు "జన్యు" అన్న మాట చూడగానే వంశపారంపర్యం అని అర్థం చేసుకుంటారు. ఈ అమ్మాయి చూసింది రక్తంలో తిరిగే తెల్లకణాలను, మజ్జలోని ఎర్రకణాలను. అక్కడ జరిగిన నష్టం ఆ మనిషితోనే పోతుంది, పిల్లలకు వెళ్లదు. పిల్లలకు వెళ్లే నష్టం వీర్యకణాల్లో, అండాల్లో జరగాలి. దాన్ని పట్టుకోవడానికి వేరే పరీక్షలు ఉన్నాయి. ఉదాహరణకు మందు ఇచ్చిన మగ ఎలుకను వరుసగా కొన్ని వారాలు వేర్వేరు ఆడ ఎలుకలతో జతకలిపి, గర్భంలోనే చనిపోయిన పిండాలను లెక్కపెడతారు. చుంచెలుకలో వీర్యకణం తయారవడానికి సుమారు 35 రోజులు పడుతుంది కనుక అన్ని వారాలు చూడక తప్పదు. ఒక కామెట్ తోక చూసి మనవళ్ల గురించి ఏమీ చెప్పలేము.

అలాగని మీ నాన్న గారి సంగతి కొట్టిపారేయడం లేదు. ఆయనకు ఎలుకకు ఇచ్చినట్టు ఒకేసారి కడుపులోకి వెళ్లదు. చేతుల చర్మం ద్వారా, తడిసిన చొక్కా ద్వారా, ఊపిరి ద్వారా కొంచెం కొంచెంగా, సీజనంతా, ఏళ్ల తరబడి, అదీ ఒక మందు కాక నాలుగైదు మందులు కలిసి వెళుతుంది. ఎలుక ప్రయోగం ఈ పరిస్థితిని పూర్తిగా అనుకరించలేదు. అందుకే మనుషులను నేరుగా చూసిన పనులూ జరిగాయి. బేగంపేటలోని ఉస్మానియా జన్యుశాస్త్ర సంస్థ పరిశోధకులు 1989 ప్రాంతంలోనే పత్తి చేలలో మందు కొట్టేవారి రక్తకణాలను చూసి, వాటిలో క్రోమోజోము మార్పులు ఎక్కువగా ఉన్నట్టు ప్రచురించారు. పొగ తాగే అలవాటు కూడా తోడైనవారిని వారు ప్రత్యేకంగా చూశారు. మందుల తయారీలో పనిచేసేవారి మీద కామెట్ పరీక్షతో తార్నాక సంస్థ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ఫలితాల్లోనూ వారి కణాల తోకలు పోల్చినవారి కన్నా పొడవుగా ఉన్నాయి. ఇవి గుంపుల సగటు గురించి చెప్పేవే కానీ, ఫలానా మనిషికి ఫలానా జబ్బు వస్తుందని చెప్పేవి కావు.

మామూలుగా ఒక విషానికి ఎలుకలో ఏ హానీ చేయని మోతాదు కనుక్కుని, దాన్ని వందతో భాగించి మనిషికి సురక్షిత పరిమితి కడతారు. జంతువుకూ మనిషికీ మధ్య తేడాకు ఒక పది, మనిషికీ మనిషికీ మధ్య తేడాకు మరో పది. కానీ డీఎన్ఏను నేరుగా దెబ్బతీసే పదార్థానికి హాని లేని మోతాదు అంటూ ఉంటుందని ముందే అనుకోరు, అందువల్ల ఆ వంద లెక్క దానికి వర్తించదు. క్లోర్‌పైరిఫాస్ విషయంలో ఐరోపా ఆహార భద్రత సంస్థ 2019లో చెప్పింది సరిగ్గా ఇదే. ఈ మందు డీఎన్ఏను దెబ్బతీయదని నిశ్చయంగా చెప్పలేకపోతున్నాం కాబట్టి సురక్షిత పరిమితిని కట్టలేము అన్నారు. గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదల మీద అనుమానాలు కూడా దానికి తోడయ్యాయి. 2020 జనవరిలో ఐరోపా సమాఖ్య దాని అనుమతిని పొడిగించలేదు. 2025లో, పర్యావరణంలో చాలాకాలం నిలిచే విషరసాయనాల మీద కుదిరిన స్టాక్‌హోం ఒప్పందం దేశాలు కొన్ని మినహాయింపులతో దాన్ని నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చాయి. ఈ అమ్మాయికీ తోటివారికీ మధ్య వాదనగా కనిపిస్తున్న "తోకా, సూక్ష్మకేంద్రకమా" లాంటి ప్రశ్న మీద ఒక ఖండం నిర్ణయం కొంతవరకు ఆధారపడిందంటే, స్లైడులు ఎందుకు జాగ్రత్తగా చూడాలో తెలుస్తుంది.

మీ నాన్న గారి విషయంలో ఇప్పుడు చేయగలిగింది కామెట్ పరీక్ష కాదు. సీజనులో తల తిరగడం, చెమటలు, కళ్లు మసకబారడం, కంటిపాప చిన్నదవడం లాంటివి ఉంటే డాక్టరుకు చూపించి రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష చేయించండి. సీజను మొదలవకముందే ఒకసారి చేయించి పెట్టుకుంటే పోల్చడానికి ఉంటుంది, ఎందుకంటే ఆ ఎంజైము మనిషి మనిషికీ తేడాగా ఉంటుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవడం, గాలికి ఎదురుగా కొట్టకపోవడం, మందు కొట్టిన బట్టలను ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకుండా ఉతకడం చేస్తే ఒంట్లోకి వెళ్లేది చాలా తగ్గుతుంది. మందు కలిపేటప్పుడు కూడా అది ఒంటికి బాగా తగులుతుంది. ఆ సమయంలో చేతులు వట్టిగా పెట్టవద్దని గట్టిగా చెప్పండి.

జవాబు: నల్లగొండ పత్తిచేను

ధన్యవాదాలు సార్. ఈ ఆదివారం ఊరికి వెళుతున్నాను, తొడుగులు ఇక్కడి నుంచే కొనుక్కుపోతాను. ఆయన వేసుకుంటారో లేదో చెప్పలేను.

జవాబు: తార్నాక విద్యార్థిని

డాక్టరు గారు అడిగినదానికి జవాబు: స్లైడులు ఫిబ్రవరిలో నడిపాను, ప్రతి తొట్టెలో అన్ని గుంపులూ కలిసే ఉన్నాయి. మోతాదు లెక్క సీసాలోని ద్రవం బరువుకు కాక, అందులోని క్లోర్‌పైరిఫాస్ బరువుకే కట్టాను. శీర్షిక మారుస్తాను. పోలిక గుంపుకు ద్రావకం ఇవ్వని లోపాన్ని రాస్తాను.

సూక్ష్మదర్శిని గారూ, ఒక చిన్న ఆశ. నేను తెల్లకణాల రకాలను లెక్కపెట్టడానికి ప్రతి జంతువు నుంచీ ప్రతి సమయానికీ రెండేసి రక్తపు పూతలు చేశాను. ఒకటి లీష్మన్ రంగు వేసి చూశాను. రెండోది మిథనాల్‌లో స్థిరపరిచి, రంగు వేయకుండా పెట్టెలో పెట్టాను. అవి ఇంకా ఉన్నాయి. మజ్జ పోయింది కానీ, ఈ రక్తంలో సూక్ష్మకేంద్రకాలను చూడవచ్చా? కొత్త జంతువులు అక్కరలేదు కదా.

జవాబు: సూక్ష్మదర్శిని

చూడవచ్చమ్మా, అది కూడా చుంచెలుక కావడం నీ అదృష్టం. పెద్ద ఎలుకలో ప్లీహం సూక్ష్మకేంద్రకాలున్న ఎర్రకణాలను రక్తం నుంచి ఏరివేస్తుంది. చుంచెలుకలో అలా ఏరివేయదు, కాబట్టి దాని రక్తాన్ని ఈ పరీక్షకు వాడుకోవచ్చు. ఒకే మోతాదు ఇచ్చినప్పుడు రక్తాన్ని 36 గంటలకు ముందు కాకుండా, 72 గంటలు దాటకుండా తీయాలి. నీ 48, 72 గంటల పూతలు సరిగ్గా ఆ మధ్యలో పడ్డాయి. 24, 96 గంటలవి పక్కన పెట్టు.

రంగు అక్రిడిన్ ఆరెంజ్ వేసి ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శినిలో చూడు. లేత ఎర్రకణంలో ఆర్ఎన్ఏ ఇంకా మిగిలి ఉంటుంది కనుక అది నారింజ రంగులో మెరుస్తుంది, అందులో డీఎన్ఏ ముక్క ఉంటే పసుపు కలిసిన ఆకుపచ్చ చుక్కలా కనిపిస్తుంది. ముదిరిన కణాలు మెరవవు. గీమ్సా రంగులో అప్పుడప్పుడూ రంగు రేణువులు సూక్ష్మకేంద్రకాల్లా కనిపించి మోసం చేస్తాయి, అక్రిడిన్ ఆరెంజ్‌తో ఆ బాధ తగ్గుతుంది. 474వ మార్గదర్శి 2014 సవరణ ప్రకారం జంతువుకు కనీసం 4000 లేత కణాలు చూడాలి, అంతకుముందు 1997లో 2000 ఉండేవి. రక్తంలో లేత కణాలు నూటికి కొన్నే ఉంటాయి కాబట్టి ఆ లెక్క మజ్జలో కన్నా చాలా ఎక్కువ సమయం తీసుకుంటుంది. మధ్యలో విసుగొచ్చి 2000 దగ్గర ఆపితే, ఆపానని రాయి, 4000 చూశానని మాత్రం రాయకు.

సైక్లోఫాస్ఫమైడ్ గుంపు నుంచి 48 గంటల రక్తం నీ దగ్గర లేదు. మీ ప్రయోగశాలలో అంతకుముందు ఎవరైనా సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి స్థిరపరిచి, రంగు వేయకుండా ఉంచిన స్లైడులు ఉంటే అడుగు. వాటిని నీ స్లైడులతో కలిపి, నీకు తెలియకుండా లెక్కకు పెట్టమను. నీ కన్ను సూక్ష్మకేంద్రకాన్ని గుర్తుపడుతోందని అవి రుజువు చేస్తాయి. నీ జంతువుల్లో అది పనిచేసిందని మాత్రం రుజువు చేయవు. ఆ తేడా వైవాలో అడిగేలోగా నువ్వే చెప్పేయ్.

స్లైడుల మీద పేర్లు అన్నీ చెరిపించి, నీ స్నేహితుల్లో ఎవరినైనా సంకేత సంఖ్యలు వేయమను. ఆ పట్టిక కవరులో పెట్టి అంటించి, లెక్క పూర్తయ్యేదాకా వాళ్ల దగ్గరే ఉంచమను. ఏ గుంపులో పెరగాలో నీకు ఇప్పుడు బాగా తెలుసు, అదే ప్రమాదం.

జవాబు: తార్నాక విద్యార్థిని

పెట్టె తెరిచి చూశాను సార్. రెండు పూతలు తేమకు పాడయ్యాయి, తక్కినవన్నీ బాగున్నాయి. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి సంకేత సంఖ్యలు వేసి కవరు తన పెట్టెలో పెట్టుకుంది. ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శిని సోమవారం, గురువారం మధ్యాహ్నాలు నాకు ఇచ్చారు.